పడుగుపాడు దాటాక తెరిచే పుస్తకం

(గ్రంథాలయ వారోత్సవాల్లో కావలిలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మాట తీరు మార్చలేదు, దగ్గులు మాత్రం తీసేశాం.)

అధ్యక్షులకూ, లైబ్రేరియన్ గారికీ, ఇంత ముసురులో గొడుగులు పట్టుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా పేరు కింద "కథానిక, నవల: ఒక తులనాత్మక పరిశీలన" అని వేశారు. అంత పరిశీలన నా దగ్గర లేదండీ. నేను లెక్చరర్‌ని కాదు, గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. చదివాను, అంతే. చదివినవాడికి ఏం జరిగిందో చెప్పమంటే చెబుతాను.

మీ ఊరికి నేను కొత్త కాదు. పద్నాలుగేళ్ళు నెల్లూరు నుంచి రోజూ పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయాను. సీజన్ టికెట్టు. 50 కిలోమీటర్ల పైచిల్లర. ప్యాసింజర్ బండి గంటకో గంటంబావుకో తెచ్చి దించేది. బిట్రగుంటలో పక్క లైన్లో పెట్టి వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌ని పోనిచ్చారంటే గంటన్నర. మా పెట్టెలో రెండు జట్లు పేకాడేవి. ఒకాయన నెల్లూరులో ఎక్కగానే నిద్రపోయి, కావలి వస్తుంటే ఎవరూ లేపకుండానే లేచేవాడు. ఆ విద్య ఎలా వచ్చిందో చివరిదాకా చెప్పలేదు. (నవ్వులు) నేను కిటికీ పక్కన కూర్చుని చదివేవాణ్ణి.

నెల్లూరు దాటగానే పెన్నా బ్రిడ్జి కదా. బ్రిడ్జి మీద ఆ మోతలో అక్షరం తలకెక్కదు. ఏటి వైపు చూస్తూ కూర్చుని, పడుగుపాడు దాటాక పుస్తకం తెరిచేవాణ్ణి. కొన్నాళ్ళకి కథల పొడుగును పేజీల్లో కొలవడం మానేశాను, స్టేషన్ల లెక్కలో కొలిచేవాణ్ణి. ఇది కొడవలూరు కథ, ఇది తలమంచి కథ, ఇది బిట్రగుంట కథ అని. కావలిలో దిగాక కూడా అవ్వకపోతే అది కథ కాదు, నవలిక అని తేల్చేసేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆఖరి పేజీ చదువుతుంటే మా ఆఫీసు అటెండరు వచ్చి, "సార్, అయ్యగారు అప్పుడే వచ్చేశారు" అని భయపెట్టేవాడు.

తర్వాతెప్పుడో తెలిసింది, ఈ కొలత నాకంటే ముందే ఒకాయన పెట్టాడని. అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో. 1842లో హాథార్న్ అనే రచయిత కథల మీద ఒక పత్రికలో సమీక్ష రాస్తూ, కథ అన్నది అరగంట నుంచి గంటా రెండు గంటల్లోపు ఏకబిగిన చదివించేదిగా ఉండాలన్నాడు. మధ్యలో పుస్తకం మూసి లేచామా, లోకవ్యవహారం లోపలికొచ్చి కూర్చుంటుంది, పట్టు వదిలిపోతుంది అని ఆయన బాధ. అరగంట నుంచి రెండు గంటలు అంటే సరిగ్గా మన ప్యాసింజరే. ఆయనకి బిట్రగుంట తెలియదు గానీ లెక్క మాత్రం కుదిరింది.

ఆ పెట్టెలో చదివినవాటిలో ఒకటి మాత్రం కాస్త దగ్గరగా చూద్దాం. గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబ గారు ధనత్రయోదశి రాశారు, అదే మొదటి కథ అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలమూ ఉంది. ఆ పంచాయితీ ఇప్పుడు పెట్టను, వానలో ఇంటికి పోవాల్సినవాళ్ళున్నారు.

దిద్దుబాటు "తలుపు! తలుపు!" అన్న కేకతో మొదలవుతుంది. గడియారం ఒంటిగంట కొడుతుంది. గోపాలరావనే ఆయన సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చాడు. చదువుకున్నవాడే. లోపల భార్య లేదు. నౌకర్ని లేపుతాడు, వాడిమీద విరుచుకుపడతాడు. భార్య రాసిపెట్టి పోయిన ఉత్తరం కనిపిస్తుంది. చదివి కుంగిపోతాడు, తన తప్పు తనే ఒప్పుకుంటాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. ఆమె ఎక్కడికీ పోలేదు.

కొడవలూరు రాకముందే అయిపోయింది. బండి ఆ రోజు ఎందుకో కొడవలూరులో ఆగిపోయింది, చేతిలో వేరే పుస్తకం లేదు. సరే అని మళ్ళీ మొదటికొచ్చాను. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. మొదటిసారి చదివినప్పుడు నేను గుమ్మం బయట గోపాలరావుతో ఉన్నాను. తలుపు ఎందుకు తియ్యడం లేదు, ఆమె ఎక్కడికి పోయింది, అదే టెన్షన్. రెండోసారి చదువుతుంటే మంచం కింద ఉన్నాను. అవే మాటలు, ఒక్క అక్షరం మారలేదు. కానీ ఇప్పుడు ఆయన అరుపులూ నిట్టూర్పులూ అన్నీ మంచం కింద నుంచి వినిపిస్తున్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంటుందని నాకు అనిపించింది. కథలో ఆ ముక్క లేదు, అది నేను పెట్టుకున్నదే.

ఒకే గంటలో ఒకే కథని ఇద్దరి చెవులతో విన్నాను చూడండి, ఈ సుఖం నవల ఇవ్వలేదు. ఇవ్వలేకపోవడం దాని తప్పూ కాదు. ఆరు వందల పేజీలు చదివి, ఆ సాయంత్రమే మళ్ళీ మొదటి పేజీ తెరిచేంత ఓపిక ఎవరికుంటుంది? ఇదే నవల అయితే ఆమె పుట్టింటివాళ్ళెవరు, పెళ్ళి ఎట్లా జరిగింది, ఆయనకి సానిపాట అలవాటు ఎవరు చేశారు, అంతా చెప్పాలి. గురజాడ ఒక్క రాత్రి, ఒక్క గది తీసుకున్నాడు. మిగతా సంసారమంతా మనకే వదిలేశాడు, కావాలంటే ఊహించుకోండి అని.

ఇక నవల సంగతి. నవలని తిడతానేమో అనుకొని ముందు వరసలో అమ్మలు కొంచెం కోపంగా చూస్తున్నారు. లేదమ్మా, నేను నవలల్లో పెరిగినవాణ్ణే.

నా చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు పావలా. ఇరవై నాలుగ్గంటలు దాటితే ఇంకో పావలా. పావలా అంటే అప్పుడు ఆలోచించాల్సిన డబ్బే. అందుకని మూడిళ్ళ వాళ్ళం కలిసి ఒక నవల తెచ్చుకొని షిఫ్టులు వేసుకున్నాం. సాయంత్రం తేగానే మా అక్కది మొదటి వంతు, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన కూర్చుని. భోజనాలయ్యాక ఎదురింటి కోడలిది. తెల్లారి పనులయ్యాక పక్కింటి పిన్నిది. స్కూలు నుంచి రాగానే నాది, గంటన్నరలో ఊదెయ్యాలి, కొట్టు మూసేలోగా తిరిగి ఇవ్వాలి కాబట్టి. పిన్ని నాకంటే ముందే చదివేసి ఉండేది కదా, గోడ మీద నుంచి తొంగి చూసి, "ఆ మేనమామ ఉండాడే, వాడు మంచోడు కాదబ్బయా, చూస్తా ఉండు" అనేది. చెప్పొద్దు పిన్నీ అని నేను చెవులు మూసుకునేవాణ్ణి. కానీ ఆ మాట తర్వాత నేను ఆ మేనమామని ఎంత జాగ్రత్తగా చూసేవాణ్ణో! నవలతో ఉన్న సుఖం అది. ఒక వీధి వీధంతా ఒకే ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. కథని అట్లా పంచుకోలేం. అర్ధగంటలో అయిపోయేదానికి షిఫ్టులేంటి?

ఒకసారి తెచ్చిన నవలకి చివరి ఎనిమిది పేజీలు లేవు. అద్దె పుస్తకాలకి అది మామూలే. అక్క, కోడలు, పిన్ని, నేను అరుగు మీద కూర్చుని తీర్మానం చేసుకున్నాం. ఆ అబ్బాయికి బుద్ధొస్తుంది, ఆ అమ్మాయి క్షమిస్తుంది, పెళ్ళవుతుంది, ఇద్దరూ ఊటీ పోతారు. నాలుగైదేళ్ళ తర్వాత ఇంకెవరింట్లోనో ఆ పుస్తకం చిరగని కాపీ దొరికితే చివరి పేజీలు తీసి చూశాను. అంతా మేం చెప్పినట్టే ఉంది. మేం ఊటీ పంపించాం, రచయిత్రి కాశ్మీరు పంపించింది. (నవ్వులు)

దీన్నిబట్టి ఆ నవల మంచిది కాదు అనకండి. మూడు వందల పేజీలు ఆ మనుషులతో తిరిగాం కాబట్టే వాళ్ళేం చేస్తారో మాకు తెలిసింది. మన అన్నదమ్ములు ఏం చేస్తారో మనకి తెలిసినట్టు. చివరి పేజీలు చిరిగినా నవలకి పెద్దగా నష్టం లేదు. అదే దిద్దుబాటులో చివరి నాలుగు లైన్లు చింపి చూడండి. పెళ్ళాం పారిపోయిన మొగుడి ఏడుపు మిగులుతుంది. కథలో అన్నం ఎక్కడుందో, ఉప్పు ఎక్కడుందో చెప్పలేం. అంతా ఒకే ముద్ద.

నవలకీ కథకీ ఇంకో తేడా మా అమ్మ వల్ల తెలిసింది. అప్పట్లో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వీక్లీలు. అమ్మ సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా చించి దాచేది. సీరియల్ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి, మైదా జిగురుతో బైండు చేసేది. అట్లా చేసిన నవలలు మా ఇంట్లో ఓ ట్రంకుపెట్టెడు. పెద్దయ్యాక ఒక మధ్యాహ్నం వాటిని తిరగేస్తుంటే చూశాను, సీరియల్ పేజీ వెనకవైపు ఏదో ఒక కథ తోకో, నడుమో ఉంటుంది. పేరు లేదు, రాసినాయన పేరు లేదు, మొదలు లేదు. "అని ఆమె లేచి వెళ్ళిపోయింది" అన్న లైనుతో పేజీ మొదలవుతుంది. ఎవరామె, ఎందుకు లేచింది? ఆ పేజీ అవతలి సగం ఏ పచారీ కొట్లోనో చింతపండు కట్టుకొని పోయింది. అమ్మకి ఆ కథలంటే ఇష్టం లేక కాదు. "అది ఒక్క దినం చదివేదే గదరా, దాన్నేం దాచిపెడతాం" అంది.

అందరమూ అట్లాగే అనుకున్నాం. నవల తన అట్ట తను తెచ్చుకుంటుంది. కథ పత్రికలో పుట్టి, పత్రికతో పాటు కాటాకి పోతుంది. అందుకే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టిన సంగతి విన్నప్పుడు నాకు మా అమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక చోట ఉండాలని ఆయన పాత పత్రికల కోసం ఎక్కడెక్కడికో తిరిగాడు, తనకి అవార్డుల్లో వచ్చిన డబ్బు అందులో పెట్టాడు. కథలు రాసిన మనిషే చివరికి కథలకి ఇల్లు కట్టాల్సొచ్చింది.

కథకి మనం ఇచ్చే మర్యాద ఎంతో దీన్నిబట్టి తెలుస్తోంది కదా. మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు, "పెద్దగా రాయడం చేతగానివాళ్ళే చిన్న కథలు రాస్తారోయ్" అనేవాడు. ఆయన ఏదీ రాసినవాడు కాదు, చదివినవాడూ కాదు. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివానకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళు పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఏముందందులో? ఒక రైలు, ఒక స్టేషను, తుఫాను, ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. మనకు తుఫాన్లు తెలుసు, రైల్వే స్టేషన్లూ తెలుసు. ఒక నవంబరులో, ఇట్లాంటి వానలోనే, బండి తలమంచి దగ్గర నిలిచిపోయి పొలాలన్నీ చెరువులైపోయినప్పుడు నేను దాన్ని చదివాను. చదవకుండా ఉండాల్సింది. (నవ్వులు) తర్వాత పెట్టెలో అడుక్కోవడానికి వచ్చిన ముసలమ్మ మొహం వైపు చూడలేకపోయాను. పర్సులో ఉన్నదంతా తీసిచ్చాను, ఇంటికి పోయాక మా ఆవిడ లెక్క అడిగింది. ఏం చెప్పమంటారు? పాలగుమ్మి వారి ఖాతాలో రాసుకోమన్నాను.

కెనడాలో ఆలిస్ మన్రో అని ఆవిడకి 2013లో నోబెల్ ఇచ్చారు. జీవితమంతా దాదాపు కథలే రాసింది. మీరు కథలే ఎందుకు రాశారమ్మా అని అడిగితే, నవల రాద్దామనే అనుకున్నాను, పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళు పడుకున్నప్పుడు దొరికిన కాస్త టైములో కథ ఒక్కటే పూర్తయ్యేది అన్నట్టు చెప్పింది. నాకు ఆ జవాబు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇక్కడున్న ఆడవాళ్ళకి ఆ జవాబు అర్థం చెప్పక్కర్లేదు.

మన పాతకాలపు పెద్దల దగ్గరికి వస్తే ఈ గొడవే లేదు. భారతం కంటే పెద్దది ఏముంది? నన్నయ గారు అరణ్యపర్వం సగంలో ఆగిపోయారు. మన నెల్లూరు తిక్కన గారు ఏం చేశారు? ఆ మిగిలిన సగం ముట్టుకోకుండా విరాటపర్వంతో అందుకొని పదిహేను పర్వాలు రాశారు. లావుపాటి పుస్తకాన్ని చూసి భయపడే పిల్లలకి నేను ఇదే చెబుతాను: మొదటి నుంచే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదురా, తిక్కన అయితే చదవడం కాదు, రాయడమే నడుమ నుంచి మొదలుపెట్టాడు అని. వదిలేసిన ఆ అరణ్యపర్వ శేషం ఎర్రన గారి వంతు వచ్చింది. మీ పక్కనే గుడ్లూరాయన అని మనం చెప్పుకునే మనిషి. ఆయనకి దొరికిందేమిటో చూడండి. ధర్మవ్యాధుడి కథ, సావిత్రి కథ, యక్షప్రశ్నలు. పెద్ద ఇతిహాసం లోపల దాక్కున్న చిన్న కథలు! సావిత్రి కథ ఎంత? మొగుడికి ఏడాదే ఆయుష్షని తెలిసి చేసుకుంది, ఆ రోజు రానే వచ్చింది, యముడి వెంట నడిచింది, మాటలతో గెలిచింది. దాన్ని విడిగా తీసినా నిలబడుతుంది.

ఆ కథలన్నీ అడవిలోనే ఎందుకొచ్చాయంటారు? నా ఉద్దేశం, అక్కడ పాండవులకి పని లేదు. పన్నెండేళ్ళు ఎప్పుడు గడుస్తాయా అని ఎదురుచూడటమే పని. ఎదురుచూసేవాడికి ఎవరో ఒకరు వచ్చి కథ చెబుతారు. యుద్ధం మొదలయ్యాక కథలకి అంత తీరిక ఎక్కడిది? మా పెట్టెలో మేమూ అరణ్యవాసంలో ఉన్నవాళ్ళమే. (నవ్వులు)

ఇంకో ముక్క. కథ చదివిన చోటు గుర్తుంటుంది, నవల చదివిన కాలం గుర్తుంటుంది. ఇది నా ఒక్కడికేనా, మీకూ అంతేనా, ఇంటికి పోయి చూసుకోండి. ఫలానా కథ అనగానే నాకు ఫలానా స్టేషను బోర్డు, దాని మీద తెల్లగా పడ్డ కాకిరెట్టతో సహా కళ్ళముందుకొస్తుంది. విశ్వనాథ వారి వేయిపడగలు అంటే మాత్రం చోటు గుర్తు రాదు. మూడు వేసవులు గుర్తొస్తాయి. వెయ్యి పేజీల దరిదాపు పుస్తకం అది. మొదటి వేసవి దాన్ని మోశాను. రెండో వేసవి దానితో పోట్లాడాను, అందులో నాయకుడు ధర్మారావు చెప్పే మాటల్లో సగం నాకు సయించవు. మూడో వేసవికి ఆయన నాకు మేనమామ లెక్క అయిపోయాడు. మేనమామ మాట మనకి నచ్చదు, అట్లా అని ఇంటికొస్తే పీట వెయ్యకుండా ఉంటామా? కథలో మనిషి అంత చనువివ్వడు. పరిచయమవుతాడు, ఒక్కసారి కళ్ళల్లోకి చూస్తాడు, దిగిపోతాడు.

ఇంతసేపు కథ వైపు మాట్లాడి ఇప్పుడొక ఒప్పుకోలు. నాలుగేళ్ళ కిందట మా ఆవిడకి ఒంట్లో బాగాలేక నెల్లూరులో ఆసుపత్రిలో ఉంచాం. ఇరవై రెండు రోజులు. బయట వరండాలో బెంచీ మీద నేను. సంచిలో నాకిష్టమైన కథల సంపుటాలు రెండు పెట్టుకుని పోయాను, ఇరవై రెండు రోజులు మంచి అవకాశమే అనుకున్నట్టు. ఒక్క కథ చదవలేకపోయాను. రెండు పేరాలు చదివేవాణ్ణి, మూసేసేవాణ్ణి. ఎందుకో మొదట అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. ప్రతి కథకీ మొదలుపెట్టే శక్తి కావాలి. ఈయనెవరు, ఈ ఊరేది, వీళ్ళకీ వీళ్ళకీ ఏమవుతుంది, కొత్త ఇంటికి చుట్టపుచూపుగా పోయినట్టు అన్నీ మొదటి నుంచి కనుక్కోవాలి. కనుక్కుని కాస్త కుదుటపడేసరికి కథ అయిపోతుంది, ఇంకో ఇంటి తలుపు తట్టాలి. పన్నెండు కథల పుస్తకమంటే పన్నెండు గడపలు. మూడు వందల పేజీల నవల కంటే మూడు వందల పేజీల కథల సంపుటి ఎక్కువ అలసట అని నాకు ఆ బెంచీ మీదే తెలిసింది. నవలకి ఒకసారి టికెట్టు కొంటే చాలు, కథలకి ప్రతి స్టేషన్లో దిగి మళ్ళీ కొనాలి.

పక్క బెంచీ మీద వాళ్ళ నాన్నని చూసుకోవడానికి వచ్చిన ఒకబ్బాయి దగ్గర లావుపాటి నవల ఉంది, అట్ట ఊడిపోయి. పేరు చెప్పను, గొప్ప నవలేమీ కాదు. అడిగి తీసుకున్నాను. నర్సు పిలిస్తే పోయేవాణ్ణి, మందులు తెచ్చేవాణ్ణి, రక్తం కోసం ఫోన్లు చేసేవాణ్ణి, మూడు గంటల తర్వాత వచ్చి కూర్చుంటే అదే ఇల్లు, అదే అత్త, అదే కోడలు నా కోసం కూర్చుని ఉండేవాళ్ళు. ఎక్కడ వదిలేశానో మర్చిపోయినా వాళ్ళు ఏమీ అనుకోలేదు. పది పేజీలు మధ్యలో దాటేసినా కథ నా చెయ్యి వదల్లేదు. ఆ ఇరవై రెండు రోజులూ నన్ను నిలబెట్టింది ఆ పేరు చెప్పని నవలే. మా ఆవిడ కులాసాగా తిరిగొచ్చింది, ఇవాళ కూడా "వానలో ఎందుకు పోతావు" అని తిట్టింది. ఇంటికొచ్చాక ఆ నవల కొనుక్కుని మళ్ళీ తెరిచాను. ఇరవై పేజీలు దాటలేకపోయాను.

కాబట్టి కథల పుస్తకం తెచ్చుకున్నవాళ్ళకి ఒక చిన్న మాట. మలై కాజాలు డబ్బా కొన్నామని ఆరూ ఒకేసారి తినం కదా. ఒకటి చదవండి, మూసి పెట్టండి, కాస్త వక్క నమిలినట్టు నమలండి. సంపుటి మొత్తం ఒక్క రాత్రి చదివేశానని ఎవరైనా చెబితే, పాపం ఒక్క కథా చదవలేదన్నమాట అనుకుంటాను. ఫోన్లలో చదివే పిల్లల సంగతి అడుగుతారు నన్ను. చదవనివ్వండి. బస్సులో వీడియో చూసేవాడి పక్కన ఒక పిల్ల ఫోన్లో కథ చదువుతుంటే నేను కావాలని తొంగి చూశాను, నా సీజన్ టికెట్టు రోజులు గుర్తొచ్చాయి. తొంగి చూసినందుకు ఆ పిల్ల కోపంగా చూసింది, అది న్యాయమే.

చైర్మన్ గారు గడియారం చూస్తున్నారు. ఒక్కటి చెప్పి కూర్చుంటాను.

ఈ ఊళ్ళోనే, స్టేషను బయట, సాయంత్రం బండికి ముందు మిరపకాయ బజ్జీలు కొనేవాణ్ణి. ఓ రోజు పొట్లం విప్పితే అది ఏదో వీక్లీ పేజీ. బజ్జీలు తింటూ చదివాను. ఒక ముసలాయన భుజాన మామిడిపళ్ళ సంచి వేసుకుని ఎండలో కూతురింటికి వస్తున్నాడు. కూతురు కిటికీలో నుంచి చూసింది. ఇంట్లో అల్లుడున్నాడు, మామాఅల్లుళ్ళకి మాటల్లేవని ఒక్క వాక్యంలో తెలుస్తుంది. కూతురు గుమ్మం దాకా వచ్చి ఆగింది. తండ్రి కూడా వీధిలోనే ఆగాడు. సంచి అరుగు మీద దించి, పైగుడ్డతో మొహం తుడుచుకుని, లోపలికి చూస్తూ ఏదో అనబోయాడు. అక్కడ నూనె మరక. కింద మూడు లైన్లు కనిపించడం లేదు. పేజీ తిప్పితే అవతల తలనొప్పి మందు ప్రకటన.

బజ్జీల బండి దగ్గరికి వెనక్కి పరిగెత్తాను. మిగతా పేజీలు ఉన్నాయా అంటే, ఆ అబ్బాయి, "ఇంకో పొట్లం కట్టియ్యనా సార్?" అన్నాడు. కట్టించుకున్నాను. అది లెక్కల పుస్తకం పేజీ. (నవ్వులు) బండి తప్పిపోయింది, తర్వాతి బండికి పోయాను.

ఇది జరిగి ముప్పై ఏళ్ళ పైమాటే. కథ పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. పాత వీక్లీలు ఎక్కడ కనిపించినా తిరగేశాను, దొరకలేదు. నవలైతే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి, అరుగు మీద కూర్చుని తీర్మానం చేసేసేవాణ్ణి, సుఖంగా పళ్ళు పంచుకు తిన్నారని. దీనికి తీర్మానం చెయ్యడానికి మనసొప్పలేదు. కావలి స్టేషను దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ ముసలాయన వీధిలో నిలబడే ఉంటాడు, సంచి అరుగు మీదే ఉంటుంది. ఇక్కడ ఇంతమంది చదివేవాళ్ళున్నారు కదా. ఆయన లోపలికి పోయాడో, అట్లాగే వెనక్కి తిరిగాడో మీలో ఎవరికైనా తెలిస్తే, పోయేముందు నాకు చెప్పి పోండి. నమస్కారం.